ఎడమచేతికి అందిన పిస్టల్

ఆ పిస్టల్‌కు వెనక సుత్తి లేదు. నేను మొదట చూసింది అదే. అంతకుముందు షూటింగ్ తరగతుల్లో మాకిచ్చిన పాత పిస్టల్‌కు వెనకవైపు కొక్కెంలాంటి చిన్న సుత్తి ఉండేది. అది వెనక్కి లాగి ఉందంటే పేలడానికి సిద్ధంగా ఉందని చూడగానే తెలిసిపోయేది. కొత్తదానిలో గుండును కొట్టే పుల్ల లోపలే, స్ప్రింగు బిగింపులో దాక్కుని ఉంటుంది. పైకి మాత్రం నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. కోపమంతా లోపల పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడే మనుషులంటే నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. మా అమ్మ అచ్చం ఆ రకం. ఆ రోజు ఆమె నా వెనకే, అద్దం గోడ అవతల, నల్ల అబాయాలో కూర్చుని నన్నే చూస్తోంది.

నేను జెద్దాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్షలకు రక్తం తీస్తాను. మాది కడప జిల్లా, మేం దూది ఏకి పరుపులు కుట్టే నూర్‌బాషాలం. ముసల్మానులై ఉండి ఉర్దూ రాదా అని ఇక్కడి హైదరాబాదువాళ్ళు నవ్వుతుంటారు. నవ్వుకోనీ. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే. నమాజు తర్వాత నేను అడుక్కునేవన్నీ తెలుగులోనే అడుక్కుంటాను, ఇంతవరకు అర్థం కాలేదని పైనుంచి ఎవరూ తిప్పి పంపలేదు.

ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్ళకోసం ఊరి చివర ఉన్న షూటింగ్ రేంజ్‌లో శనివారం పొద్దుటిపూట తరగతులు పెట్టారు. కోర్సు పూర్తయ్యాక మళ్ళీ ఎప్పుడైనా ఇకామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి కార్డు, చూపించి, రేంజ్ వాళ్ళ తుపాకీతోనే, వాళ్ళ కళ్ళముందే కాల్చుకోవచ్చు. నేను పేరు ఇచ్చానని చెబితే మా ఆయన అన్నం తింటున్నవాడు ఆగి, "ఇంక నీతో మాట్లాడాలంటే చేతులు పైకెత్తి మాట్లాడల్లనేమో" అన్నాడు. ఆయన ఏసీ మెకానిక్కు, ఎండలో మిద్దెలమీద నిలబడి పనిచేసి వచ్చినా ఈ వేళాకోళం మాత్రం తగ్గదు. నవ్వాడు కాబట్టే తప్పకుండా వెళ్ళాలనుకున్నాను.

అదే సమయంలో అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. ఉమ్రా చేసుకుంది, మదీనా చూసింది, మక్కానుంచి నాలుగు డబ్బాల జంజం నీళ్ళు తెచ్చి మంచం కింద పెట్టుకుంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆమె కన్ను మా పాప చేతిమీద పడింది. పాప ఇక్కడ ఇండియన్ స్కూల్లో రెండో తరగతి. ఎడమచేత్తో రాస్తుంది, ఎడమచేత్తో బొమ్మలు వేస్తుంది. టీచరుకు ఏ అభ్యంతరమూ లేదు, మాకూ లేదు. అమ్మకు ఉంది. నేను డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా పెన్సిల్ లాక్కుని కుడిచేతిలో పెట్టడం మొదలుపెట్టింది. తిట్టడం లేదు, కొట్టడం లేదు. ముద్దు చేస్తూ, ఖర్జూరం చేతిలో పెడుతూ మారుస్తోంది. కొద్దిరోజులకే పాప అక్షరాలు చితికిపోయాయి. బొమ్మలు వేయడం మానేసింది. రాసేటప్పుడు ఏదో ఒక పాట కూనిరాగం తీసే పిల్ల, పళ్ళు బిగబట్టుకుని రాయడం చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, దాని చెయ్యి దానికి వదిలిపెట్టు" అని చెప్పాను.

"ఇది యా దేశమో తెలుసునా నీకు?" అంది అమ్మ. "మక్కాను ఇంత దగ్గిర పెట్టుకోని బిడ్డను ఎడంచేత్తో రాయనిస్తావా?"

"మక్కా దగ్గరుంటే చేతులు మారిపోతాయా?"

"నీకు మార్పించలేదా నేను? చెడిపోయినావా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది కానీ ఆమె వినదు. నాదీ పుర్రచెయ్యే. చిన్నప్పుడు పలక పట్టుకుంటే అమ్మ నా ఎడమచేతిని తన పైటచెంగుతో నడుముకు కట్టేసేది. రాయడం కుడిచేతికి వచ్చింది, కానీ ఇప్పటికీ నా రాత చూసి డాక్టర్లు కూడా ఇదేం రాత అంటారు. సూది దగ్గర మాత్రం నేను లొంగలేదు. శిక్షణలో మొదటి రోజే సిరంజి ఎడమచేతిలోకి తీసుకున్నాను, ఆ తర్వాత మార్చలేదు. ఇక్కడ ఒక పెద్దాయన, కుడిచేత్తో అయితేనే తీయించుకుంటానని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కుడిచేత్తో తీస్తే మూడుసార్లు గుచ్చాల్సి వస్తుంది, ఎడమచేత్తో ఒక్కసారి చాలు, మీ ఇష్టం అన్నాను. కాసేపు ఆలోచించి చెయ్యి ముందుకు చాపాడు. అన్నం మాత్రం కుడిచేత్తోనే తింటాను. అది నా నమ్మకం, నా ఇష్టం. మిగతా పనులకు ఎవరి అనుమతీ అడగను.

మరి రేంజ్‌లో మొదట్లో కుడిచేత్తో ఎందుకు కాల్చానంటే, అక్కడ ఎవరూ చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. కొత్త చోటికి వెళితే, పెద్దవాళ్ళ ముందు ఏదైనా తీసుకోవాలంటే నా కుడిచెయ్యి తనంతట తనే ముందుకు పోతుంది. ఎడమచేత్తో తీసుకుంటే అవతలివాళ్ళను అవమానించినట్టు అని ఒంట్లోకి ఎక్కించేశారు. పైగా పాత పిస్టల్‌కు సేఫ్టీ మీట ఎడమ పక్కనే ఉండేది, కుడిచేతి బొటనవేలికి అందేట్టు. అందుకని కుడిచేత్తోనే కాల్చాను. నా గుండ్లు గురి కాగితం మీద వడగళ్ళు పడ్డట్టు ఎక్కడంటే అక్కడ పడేవి. మాకు నేర్పే ఆమె సౌదీ మనిషి, నా ఈడుదే, హిజాబు మీద చెవుల కప్పులు పెట్టుకుని తిరుగుతుండేది. నిలబడే తీరు మార్చింది, ఊపిరి పీల్చే తీరు మార్చింది, నా భుజం పట్టుకుని సర్దింది. ఏం చేసినా ఫలితం లేదు. పక్క వరుసలో మా వార్డు ఫిలిప్పీన్స్ నర్సు నవ్వు ఆపుకుంటూ కాల్చేది.

ఆఖరి తరగతికి అమ్మ కూడా వస్తానంది. "ఆడబిడ్డ తుపాకీ పట్టుకునే చోటు యాడుందో నేను చూడల్ల" అంది. నాకు అర్థమైంది, తప్పు పట్టుకోవడానికే వస్తోంది. రా అన్నాను. పిల్లల్ని లోపలికి రానివ్వరు కాబట్టి మా ఆయన పాపను ఎదురుగా ఉన్న మాల్‌కు తీసుకుపోయాడు.

ఆ రోజే కొత్త పిస్టళ్ళు బయటికి తీశారు. నల్లటి ప్లాస్టిక్ పిడి, పైన ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు స్లైడు. పిడి వెనకభాగం విప్పి పెద్దదీ చిన్నదీ మార్చుకోవచ్చట. నా చెయ్యి చూసి ట్రైనర్ చిన్నది తగిలించింది. పాతదాన్ని పట్టుకుంటే నా వేళ్ళు ఎప్పుడూ చుట్టూ తిరిగి వచ్చేవి కావు. ఇది చేతిలోకి సరిగ్గా కుదురుకుంది. ట్రిగ్గరు మధ్యలో ఇంకో సన్నటి రేకు ఉంది. రెండూ కలిసి వెనక్కి పోతేనే పేలుతుంది, ప్రత్యేకంగా సేఫ్టీ మీట ఏమీ లేదు అని ఆమె చెప్పింది. అంటే సేఫ్టీ అంతా నీ వేలిలోనే ఉందన్నమాట అనుకున్నాను. నాకు అది నచ్చలేదు. సుత్తి కనిపించదు, మీట లేదు, ఇంత సాధువుగా కనిపించే వస్తువు చేతిలో ఉంటే మనిషి ఏమరుపాటులో పడుతుంది. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె ఒప్పుకుంది. అందుకే దీన్ని ఎప్పుడూ నిండి ఉన్నట్టే అనుకోవాలి, ఎవరు ఖాళీ అని చెప్పినా నీ కళ్ళతో చూసుకోవాలి అంది.

అప్పుడు గమనించాను. స్లైడు ఆపే మీట పాతదానికి ఒక పక్కే ఉండేది, దీనికి రెండు పక్కలా ఉంది. ఆ రెండోది ఎడమచేతి బొటనవేలికి అందేట్టు ఉంది. ఎవరికీ చెప్పకుండా ఈసారి ఎడమచేత్తో కాల్చి చూద్దామనుకున్నాను.

పిస్టల్ బల్లమీద ఉంది, స్లైడు వెనక్కి తెరిచి, ఖాళీగా. తీసుకోమని ఆమె సైగ చేసింది. వెనక అమ్మ ఉంది, ముందు నేర్పే మనిషి ఉంది. నా కుడిచెయ్యి ఎప్పటిలాగే మర్యాదగా ముందుకు పోయి దాన్ని తీసుకుంది. ఆ తర్వాత కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చుకున్నాను. ఆ మార్చడంలో పిస్టల్ మూతి పక్క వరుసవైపు, ఫిలిప్పీన్స్ నర్సు నిలబడ్డవైపు తిరిగింది.

ట్రైనర్ చెయ్యి నా మణికట్టు మీద పడింది. గట్టిగానే పడింది. "ఖలాస్, కింద పెట్టు" అంది. గొంతు పెంచలేదు. ఖాళీదే అయినా వెంటనే బల్లమీద పెట్టేశాను. ఇంటికి పంపేస్తుందనుకున్నాను. అద్దం అవతల అమ్మ లేచి నిలబడటం కనబడింది.

"ఏ చేత్తో కాలుస్తావో ఆ చేత్తోనే తీసుకోవాలి. మధ్యలో చేతులు మార్చకూడదు. నీ చెయ్యి ఏది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"రెండూ" అన్నాను.

"అది కాదు నేనడిగింది. నీది ఏది?"

నా జీవితంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఏ చెయ్యి వాడాలో చెప్పారు, ఏది వాడకూడదో చెప్పారు. ఎడమ అన్నాను. గురి చూసే కన్ను ఏదో తెలుసుకోవడానికి, నన్ను రెండు చేతులూ చాపి అరచేతుల మధ్య చిన్న సందు చేసి అందులోంచి తన ముఖం చూడమంది. సందులోంచి ఆమెకు కనబడింది నా ఎడమకన్ను. చెయ్యీ ఎడమే, కన్నూ ఎడమే, మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అంది. మీరు అడగలేదు అన్నాను.

ఆమె పిస్టల్ తీసుకుని, ఒక చిన్న సూదిలాంటి పనిముట్టుతో గుండ్ల పెట్టెను వదిలించే బొత్తాన్ని ఊడదీసి రెండో పక్కకు తగిలించింది. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. ఏ వింతా లేదు, ఏ ఉపన్యాసమూ లేదు. మక్కాకు గంట దూరంలో, అయిదు పూటలా నమాజు చేసే మనిషి, నా ఎడమచేతికి అనువుగా ఒక వస్తువును సర్ది ఇచ్చింది. మా అమ్మ అద్దానికి ముక్కు ఆనించి ఇదంతా చూస్తోంది. చూడనీ అనుకున్నాను.

ఈసారి ఎడమచేత్తోనే తీసుకున్నాను. గుండ్ల పెట్టె ఎక్కించి, కుడిచేత్తో స్లైడు లాగి వదిలాను. ట్రిగ్గరు కొంతదూరం వదులుగా వచ్చింది, తర్వాత ఒక చోట ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. సూది చర్మం దాటాక నరం గోడ దగ్గర ఒక్క క్షణం అలాగే ఆగుతుంది. అక్కడ తొందరపడితే నరం జారిపోతుంది, భయపడితే సూది దిగదు. నెమ్మదిగా బరువు పెంచాను. పేలింది. చప్పుడు చెవుల కప్పుల్లోంచి కూడా ఛాతీలోకి వచ్చింది. ఖాళీ తొడుగు నా ముందునుంచి కుడివైపు ఎగిరిపోయి టంగున గోడకు తగిలింది. పాత పిస్టల్ పేలినప్పుడల్లా చెయ్యి పైకి ఎగిరిపోయేది. ఇది మోచేతిలోకి తన్ని, మళ్ళీ దానంతట అదే ఉన్నచోటికి వచ్చింది. మళ్ళీ కాల్చాను. పెట్టె ఖాళీ అయ్యేదాకా కాల్చాను.

కాగితం దగ్గరికి తెప్పించి చూస్తే గుండ్లన్నీ ఒక అరచెయ్యి పట్టేంత చోటులో ఉన్నాయి. మధ్యలో కాదు, కొంచెం కిందికి. అయినా ఒకేచోట. నాకు ఆనందం కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఈ చెయ్యి ఇక్కడే ఉంది కదా, దీన్ని నడుముకు కట్టి ఏం బావుకున్నారు అనిపించింది. ఆ కాగితం మడవకుండా అలాగే పట్టుకుని బయటికి వచ్చాను, అమ్మ ముఖాన పెడదామనే వచ్చాను.

బయటి గదిలో కుర్చీలు, ఒక బల్ల, బల్లమీద నీలంరంగు బొమ్మ పిస్టల్ ఉన్నాయి. కొత్తగా వచ్చేవాళ్ళకు పట్టుకునే తీరు చూపించడానికి పెట్టిన ఉత్త ప్లాస్టిక్ ముద్ద అది. ట్రైనర్ నా వెనకే వచ్చి అమ్మకు సలాం చెప్పి కుశలం అడిగింది. సరదాకు ఆ బొమ్మ పిస్టల్‌ను బల్లమీద అమ్మ ముందుకు జరిపి, నువ్వూ ఒకసారి పట్టుకుని చూడు హాజీ అమ్మా అని అరబ్బీలో అంది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ వద్దు వద్దంటూనే, నవ్వుతూనే, చెయ్యి చాపింది.

ఎడమచెయ్యి.

అది బల్లమీదికి పోయి, వేళ్ళు పిడి చుట్టూ సర్దుకునేదాకా ఆమెకే తెలియలేదు. తెలియగానే కాలినట్టు వెనక్కి తీసుకుంది. అబాయాలోకి దాచుకుని, కుడిచేత్తో ఆ బొమ్మను ముట్టుకుని, "చాల్లే" అంది. ట్రైనర్ నా వైపు చూసింది. కాగితం చూపించాలన్న సంగతే మర్చిపోయాను.

కారులో మా ఆయన నడుపుతున్నాడు. నేను ముందు, అమ్మ వెనక. పాప మాల్‌లో ఆడి అలిసిపోయి అవ్వ ఒళ్ళో నిద్రపోతోంది. సముద్రం రోడ్డు ఎక్కేదాకా ఆగి అడిగాను.

"నీదీ పుర్రచెయ్యేనా అమ్మా?"

"ఎప్పటిదో. ఇప్పుడెందుకులే అది."

"చెప్పు."

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "మా నాయనతో కలిసి పరుపులు కుట్టేదాన్ని. ఆయన ఆ పక్క, నేను ఈ పక్క. నా కుట్టు ఎదురొస్తాండె. సూది ఆయన వేలికి దిగుతాండె. అందుకని చేతికి గుడ్డ చుట్టి ముడేసినాడు. మారిందాకా విప్పలేదు."

"ఆ నొప్పి తెలిసి నాకెందుకు కట్టినావు?"

"తెలిసే కట్టినా. పెద్దయినాక మార్చుకోవాలంటే ఇంకా నొప్పి. పసిపిల్లప్పుడే అయితే తొందరగా పోతాదని."

నాకు జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వెనక్కి తిరిగి, పాప లేవకుండా, మెల్లగా చెప్పాను. "అన్నం కుడిచేత్తో తింటాది. నేనూ అట్లే తింటాండా. మిగతాదానికి దాని చెయ్యి దానిదే. ఇంగ ఆ చేతికి గుడ్డ గాని, మాట గాని, ఖర్జూరం గాని చుట్టొద్దు."

"తుపాకీ పట్టుకోని వచ్చి నాకు చెప్తాండావా?"

"తుపాకీ ఆడే పెట్టేసి వచ్చినా. ఇది నేనే చెప్తాండా."

మా ఆయన అద్దంలోంచి ఒకసారి అత్తను, పక్కకు తిరిగి ఒకసారి నన్ను చూశాడు. వేళాకోళం చేసే సమయం కాదని ఆయనకూ తెలిసింది.

ఆ సాయంత్రం పాప హాల్లో చాప మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటోంది. పెన్సిల్ ఎడమచేతిలో ఉంది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ చూస్తున్నాను. నమాజు ముగించుకుని అమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. తలుపు చప్పుడు కాగానే పాప తల ఎత్తకుండానే, మెరుపులాగా, పెన్సిల్‌ను కుడిచేతిలోకి మార్చేసింది. ఎడమచేతిని పొట్ట కిందికి దూర్చేసింది. ఆ పిల్ల ఆ పని ఎన్నిసార్లు చేసి ఉంటే అంత వేగం వస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. కత్తి అక్కడే పెట్టేసి హాల్లోకి వచ్చాను. ఈసారి నెమ్మదిగా చెప్పే ఉద్దేశం నాకు లేదు.

అమ్మ చాప అంచున ఆగిపోయి ఉంది.

"ఎందుకు మార్చినావు?" అని పాపను అడిగింది.

"నువ్వొచ్చినావని."

అమ్మ కళ్ళు పాప పొట్ట కింద దాగిన చెయ్యి మీద ఉన్నాయి. ఆమె ముఖంలో అంత స్పష్టంగా కోపం నేను ఎప్పుడూ చూడలేదు. అది పాప మీద కాదు, నా మీదా కాదు.

"నన్ను చూసి దాచిపెట్టుకోవల్లనా నువ్వు?" అంది. "నేనేమన్నా మా నాయననా?"

ఆ నాయన ఎవరో పాపకు తెలియదు. అవ్వను చూసింది, నన్ను చూసింది. నేను నోరు తెరవలేదు, తల కూడా ఊపలేదు. పాప పొట్ట కిందినుంచి చెయ్యి బయటికి తీసింది. పెన్సిల్‌ను ఎడమచేతిలోకి మార్చుకుంది. ఈసారి నెమ్మదిగా, అవ్వ చూస్తుండగానే.